‘ఎంటర్‌ప్రైజ్’కు మన దగ్గర ఏ మాట ఉంది? వేరే భాషల వారు ఏమంటారు?

జొన్నచేను
ఆదివారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. ఒకే ఒక్క మాట దగ్గర వారం రోజులుగా నా పని ఆగిపోయింది. మీ సాయం కావాలి.

మా మండలంలోని పొదుపు సంఘాల మహిళల కోసం నలభై పేజీల చిన్న పుస్తకం రాస్తున్నాను. ఇంట్లో చేసే వంటనో కుట్టుపనినో బయట అమ్ముకోవడం ఎలా, లెక్క రాసుకోవడం ఎలా, రిజిస్ట్రేషన్ ఎలా, బ్యాంకులో ఏమేం అడుగుతారు, ఇవన్నీ అందులో ఉంటాయి. ఎనిమిదేళ్లుగా జొన్న జంతికలు, రాగి లడ్డూలు చేసి అమ్ముతున్నదాన్ని కాబట్టి విషయం నాకు తెలుసు. ‘ఎంటర్‌ప్రైజ్’ అనాల్సిన చోట తెలుగులో ఏమి రాయాలో మాత్రం తెలియడం లేదు. ఆ పని చేసే మనిషిని ఏమనాలో అసలే తెలియడం లేదు.

పత్రికల్లో ‘ఔత్సాహిక పారిశ్రామికవేత్త’ అని రాస్తారు. వరండాలో ఒక కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మా వీధి ఆమెను ‘నువ్వు పారిశ్రామికవేత్తవు’ అంటే, ఇంకెవరినో పిలుస్తున్నానేమోనని వెనక్కి తిరిగి చూస్తుంది. ‘వ్యాపారి’ అంటే మా దగ్గర సరుకు కొని అమ్మే మనిషి. చేతులతో తయారు చేసేవాళ్లు ఆ మాటలో ఇమడరు.

ఈ బాధ నాకు ఎక్కడ మొదలైందో చెబుతాను. 2018లో మొదటిసారి రిజిస్ట్రేషన్ చేయించుకున్నప్పుడు కాగితం మీద ‘ఉద్యోగ్ ఆధార్’ అని ఉంది. నాన్న దాన్ని చూసి కళ్లు తుడుచుకున్నారు. కూతురికి ఉద్యోగం వచ్చిందనుకున్నారు. 2020లో పద్ధతి మారి ‘ఉద్యమ్’ రిజిస్ట్రేషన్ వచ్చింది. ఈసారి ఆయన కాగితం రెండుసార్లు చదివి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగారు: “ఏ ఉద్యమంలో చేరావమ్మా?” నవ్వులాటకు అడగలేదు. నిజంగా భయపడ్డారు.

నా పుస్తకం చదివే ఏ ఇంట్లోనూ ఆ భయం కలగకూడదు. వేరే భాషల్లో ఈ పనిని ఏమని పిలుస్తారో తెలిస్తే మనకూ ఏదైనా దారి దొరుకుతుందేమో. తెలిసినవారు చెప్పండి.

పాతపలక
ఆదివారం, ఉదయం 9:15

మీ నాన్నగారు తప్పు చదవలేదమ్మా. తెలుగుగా చదివారు. కాగితం మీద ఉన్నది హిందీ.

ముప్ఫై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పినవాడిని. పిల్లలకు అన్నిటికన్నా ఇష్టంగా చెప్పిన పాఠం ఇదే: ఒకే సంస్కృత పదం రెండు ఇళ్లకు కోడలిగా వెళితే రెండు చోట్లా వేరు వేరు పనులు నేర్చుకుంటుంది. ‘వ్యవసాయం’ అంటే మొదట దృఢమైన నిశ్చయం. గీతలో ‘వ్యవసాయాత్మికా బుద్ధి’ అన్నప్పుడు అక్కడ నాగలీ లేదు, చేనూ లేదు. హిందీలో అది వృత్తి, వ్యాపారం అయింది, బెంగాలీలో ‘బ్యబ్సా’గా మారి బజారులో కూర్చుంది. మనకూ కన్నడిగులకూ సేద్యం అయింది. మన దేశంలో నిశ్చయం అన్నిటికన్నా ఎక్కువ కావాల్సింది రైతుకే కదా, అందుకని ఆ మాట ఇటు వచ్చిందేమోనని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

‘ఉద్యోగం’ అంటే పూనిక, సన్నాహం. భారతంలో ఉద్యోగపర్వం అంటే యుద్ధానికి సిద్ధపడే పర్వం. హిందీలో అది కర్మాగారాల పరిశ్రమ, మనకు నెలజీతం. ‘ఉద్యమం’ అంటే పైకెత్తడం, ప్రయత్నించడం. ‘ఉద్యమేన హి సిధ్యంతి కార్యాణి’ అని చిన్నప్పుడు వల్లెవేసిందే. హిందీలో, కన్నడంలో అది వ్యాపార సంస్థ దగ్గర ఆగింది, మన దగ్గర జనం వీధిలోకి వచ్చి చేసే పోరాటం అయింది. ఇక ‘పరిశ్రమ’ అంటే హిందీవాళ్లకు ఒళ్లు వంచి చేసే కష్టం, మనకు పొగగొట్టం. లాటిన్‌లో కూడా ‘ఇండుస్త్రియా’ అంటే శ్రద్ధ, కష్టపడే గుణం. ఇంగ్లిషులో ఇండస్ట్రీ అయ్యేసరికి దానికీ పొగగొట్టం వచ్చింది. ఒకరిని చూసి ఒకరు నడవకుండానే రెండు భాషలు ఒకే తోవ తొక్కాయి.

మీ ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు. ఆలోచిస్తున్నాను.

మూడోకౌంటర్
ఆదివారం, ఉదయం 10:02

నేను బ్యాంకులో పని చేస్తాను. మాస్టారు చెప్పినది కళ్లారా చూశాను. మా దరఖాస్తులో వృత్తి రాసే గడి దగ్గర హిందీలో ‘వ్యవసాయ్’ అని అచ్చయి ఉంటుంది. ఒక కొత్త ఖాతాదారు, టైలరు, హిందీ అక్షరాలు కూడబలుక్కుని చదివి, “నాకు పొలం లేదండీ, ఇక్కడ ఏమి రాయను?” అని అడిగాడు. చదవగలిగిన మనిషే. చదవడం వల్లే ఇబ్బంది పడ్డాడు.

జొన్నచేను గారూ, మీ పుస్తకంలో ఏ మాట పెట్టినా ఫారంలో కనిపించే మాటలు కూడా పక్కన ఇవ్వండి. రేపు కౌంటరు దగ్గర ఎదురయ్యేవి అవే.

మంచుదేశం
ఆదివారం, మధ్యాహ్నం 1:40

ఫిన్లండ్ నుంచి రాస్తున్నాను, ఇక్కడికి వచ్చి పదకొండేళ్లు. ‘ఏ ఉద్యమంలో చేరావమ్మా’ అన్న వాక్యం చదివి పని పక్కన పెట్టేశాను. ఎందుకంటే ఫిన్నిష్‌లో అచ్చంగా ఇదే ముడి ఉంది.

‘లీకె’ అంటే కదలిక. కార్మిక ఉద్యమాన్నీ లీకె అంటారు, దుకాణాన్నీ లీకె అంటారు. గడియారాల కొట్టు ‘కెల్లోలీకె’, వ్యాపారం చేసే మనిషి ‘లీకెమియెస్’. వీధిలో వెళ్లే బస్సులు, కార్ల రాకపోకలకు కూడా అదే వేరు నుంచి వచ్చిన మాట. మీ నాన్నగారి ప్రశ్నను ఫిన్నిష్‌లోకి మారిస్తే ‘ఏ కొట్లో చేరావమ్మా’ అని కూడా అర్థం వస్తుంది! హిందీ, తెలుగు ఒక మాటను చెరో సగం పంచుకుంటే, వీళ్లు రెండు సగాలనూ ఒకే ఇంట్లో ఉంచుకున్నారు.

ఇంకొకటి. సంస్థకు ఇక్కడి మాట ‘యిరితిస్’. దానికి అసలు అర్థం ప్రయత్నం. ఆ పని చేసే మనిషి ‘యిరిత్తాయా’, ప్రయత్నించే మనిషి. సెప్టెంబరు 5న వాళ్లకొక రోజు కూడా ఉంది. మా వీధి చివర ఒక పెద్దావిడ చెప్పులు బాగు చేసే కొట్టు నడుపుతుంది. ఆమెకూ పెద్ద కర్మాగారం యజమానికీ ఒకటే మాట: ప్రయత్నిస్తున్నవారు. నాకది చాలా గౌరవమైన మాట అనిపిస్తుంది. ఓడిపోయినా ఆ పేరు అబద్ధం కాదు.

ఇక్కడ స్వీడిష్ కూడా అధికార భాషే. అందులో వ్యాపార రంగం మొత్తాన్ని ‘నారింగ్స్‌లీవ్’ అంటారు. ‘నారింగ్’ అంటే పోషణ, తిండి. ‘లీవ్’ అంటే జీవితం. పోషించే జీవితం అన్నమాట.

లెక్కలచిట్టా
ఆదివారం, మధ్యాహ్నం 3:25

విజయవాడలో అకౌంట్లు చూస్తాను. ఒక ఎదురు మాట చెబుతాను, కోపం వద్దు. ‘బిజినెస్’ అంటే మా దగ్గర రిక్షా తొక్కే మనిషికీ తెలుసు. తెలిసిన మాట చేతిలో ఉండగా వెతుకులాట ఎందుకు? ఇంగ్లిషువాళ్లే ‘ఎంటర్‌ప్రైజ్’ను ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు, ‘ఎంటర్‌ప్రెన్యూర్’నూ అక్కడినుంచే తెచ్చుకున్నారు. సొంతంగా ‘అండర్‌టేకర్’ అనే మాట ఉండేది, పని నెత్తికెత్తుకునే మనిషి అని. దాన్ని చివరికి శవసంస్కారాలు చూసేవారికి వదిలేసి ఫ్రెంచి మాట పట్టుకున్నారు. వాళ్లకు లేని పట్టింపు మనకెందుకు?

పైగా ‘బిజినెస్’లో ఏ గొప్పా లేదు, తీరిక లేకుండా ఉండటం, అంతే. స్పానిష్ ‘నెగోసియో’ కూడా లాటిన్ ‘నెగోటియమ్’ నుంచి వచ్చింది, తీరిక లేకపోవడం అనే. ఫ్రెంచి ‘అఫేర్’ అంటే చేయాల్సినది. ఎవరూ పెద్ద తత్త్వం పెట్టి పేర్లు పెట్టుకోలేదు.

జొన్నచేను
ఆదివారం, సాయంత్రం 5:10

కోపం ఎందుకండీ. కానీ ‘బిజినెస్’ అనే మాట మా మహిళలకు తెలుసు గానీ అది తమది అనుకోరు. పోయిన నెల ఒక సమావేశంలో “మీలో బిజినెస్ చేసేవాళ్లు చేతులెత్తండి” అని అడిగాను. ఇద్దరు ఎత్తారు. ఆ గదిలో వారానికి రెండు వేల అప్పడాలు చేసే మనిషి ఉంది, ఆమె ఎత్తలేదు. తెలియడం వేరు, తనది అనుకోవడం వేరు. నాకు ఆమె చెయ్యి పైకి లేవాలి.

రేవుగాలి
ఆదివారం, రాత్రి 8:30

మలేషియా, పెరాక్ రాష్ట్రం నుంచి. మా ముత్తాత తోటల్లో పనికి వచ్చారు. నా తెలుగు ఇంట్లో నేర్చుకున్నది, తప్పులుంటే మన్నించండి.

మీరు ‘ఔత్సాహిక పారిశ్రామికవేత్త’ అని రాశారు కదా. మలయ్ భాషలో ఎంటర్‌ప్రెన్యూర్‌ను ‘ఉసహావన్’ అంటారు. ‘ఉసహా’ అంటే ప్రయత్నం, కష్టం. అది మన ‘ఉత్సాహమే’! సంస్కృతం నుంచి ఎన్నో వందల ఏళ్ల కిందట ఓడల మీద ఇటు వచ్చింది. మన దగ్గర ఉత్సాహం మనసులో ఉండిపోయింది, ఇక్కడ చేతుల్లోకి దిగింది. ఇండొనేషియాలో కంపెనీని ‘పెరుసహాఆన్’ అంటారు, అందులోనూ అదే ఉత్సాహం.

మా పాప బడి పుస్తకంలో ధరను ‘హర్గ’ అని రాస్తారు. ‘అర్ఘ’ నుంచి వచ్చిందది. మీరు ‘అనర్ఘ రత్నం’ అంటారు కదా, వెల కట్టలేనిది అని, ఆ అర్ఘే. పెట్టుబడిని ‘మొదల్’ అంటారు. అది తమిళ ‘ముదల్’ నుంచి వచ్చింది. మా నానమ్మ ఎవరైనా నష్టపోతే “మొదలుకే మోసం వచ్చింది” అనేది. చిన్నప్పుడు నాకు అది మలయ్ మాటో తెలుగు మాటో తెలిసేది కాదు. రెండూనేమో అనుకునేదాన్ని.

సరిహద్దు దాటి థాయ్‌లాండ్ వెళితే ఇంకా దగ్గరవుతుంది. వ్యాపారాన్ని ‘తురకిత్’ అంటారు. ‘ధుర’, ‘కిచ్చ’ కలిసిన పాలీ మాట. మన ‘ధురంధరుడు’లోని ధురే, కాడి, మోయాల్సిన బరువు. కంపెనీ బోర్డు మీద ‘బొరిసత్’ అని ఉంటుంది. అంటే పరిషత్తు! మొదటిసారి బ్యాంకాక్‌లో ఆ సంగతి తెలిసినప్పుడు ఆ బోర్డు కింద చాలాసేపు నిలబడ్డాను. సిమెంటు అమ్మే పరిషత్తు.

దాన్యూబ్‌తీరం
సోమవారం, తెల్లవారుజాము 2:20

హంగేరీలో చదువుకుంటున్నాను. రేవుగాలి గారు బరువు అన్నారు కాబట్టి ఒక్క మాట. హంగేరియన్‌లో ‘వాల్’ అంటే భుజం. ‘వాల్లల్’ అంటే భుజాన వేసుకోవడం, ఒప్పుకోవడం. ‘వాల్లల్కొజో’ అంటే సొంతంగా సంస్థ నడిపే మనిషి. మనమూ ‘భుజాన వేసుకున్నాడు’ అంటాం కదా, వీళ్లు దాన్నే వృత్తి పేరు చేశారు. గ్రీకులో సంస్థను ‘ఎపిహీరిసి’ అంటారు, చెయ్యి వేయడం అని. మన ‘చేపట్టు’ అచ్చంగా అదే కదా? చే, పట్టు.

పాతపలక
సోమవారం, ఉదయం 7:05

అవును నాయనా, ‘చేపట్టు’ అదే. మంచి చోట చూపించావు. కన్నడిగులు పరిశ్రమను ‘కైగారికె’ అన్నారు, అందులోనూ చెయ్యే ఉంది. జర్మన్‌లో వర్తకాన్ని ‘హాండెల్’ అంటారని విన్నాను, అదీ చేతికి చుట్టమేనట. ఒకచోట భుజం, ఒకచోట చెయ్యి, ఒకచోట మెడ మీద కాడి. పని ఒంటి మీద ఎక్కడ తగిలిందో అక్కడే మాట పుట్టిందనిపిస్తోంది.

లెక్కలచిట్టా గారూ, మనకూ తద్భవాల సంపద ఉంది. ‘వ్యవహారం’ నుంచి ‘బేహారం’ వచ్చింది. వర్తకుడు ‘బేహారి’. మనం రోజూ అనే ‘బేరం’ కూడా ఆ కుటుంబపు మాటే. కన్యాకుమారి నుంచి కాశ్మీరం వరకు వినిపించే ‘శెట్టి’, ‘సేఠ్’ ఒకే ‘శ్రేష్ఠి’ నుంచి వచ్చాయి. సముద్ర వర్తకుడికి అమరకోశం ఇచ్చిన పేరు ‘సాంయాత్రికుడు’, కలిసి ప్రయాణం చేసేవాడు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించింది అలాంటి వారి కోసమే. గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునే రోజుల్లో, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని రాయి మీద మాట ఇచ్చాడు. ఒంటరిగా సముద్రం దాటడం కుదరదు, అందుకే ఆ పేరులో ‘కలిసి’ ఉంది.

వోల్గామంచు
సోమవారం, ఉదయం 11:50

కలిసి అన్నారు కాబట్టి నేనూ కలుస్తాను. 1988లో వైద్యం చదవడానికి సోవియట్ యూనియన్‌కు వెళ్లాను. రష్యన్‌లో ‘తొవార్’ అంటే సరుకు. ‘తొవారిష్’ అంటే కామ్రేడ్. మొదటి ఏడాది ఈ రెండు మాటలూ ఒకే పాఠంలో వచ్చినప్పుడు మా టీచరును అడిగాను. ఆమె ఏ తడబాటూ లేకుండా చెప్పింది: తొవారిష్ అంటే మొదట సరుకు వ్యాపారంలో తోడుగా ఉన్నవాడే. విప్లవానికి ముందు భాగస్వామ్య సంస్థల బోర్డుల మీద ‘తొవారిషెస్త్వొ’ అని ఉండేది. ఆ సంస్థలు పోయాయి, వర్తకుల మాట మాత్రం వర్తకాన్ని వద్దన్నవారి నోట నిలిచింది.

నేను వెళ్లినప్పుడు ఆ దేశం ఒక మాట కోసం తడుముకుంటోంది. 1987 మే 1 నుంచి సొంతంగా పని చేసుకోవచ్చని చట్టం వచ్చింది, మరుసటి ఏడాది సహకార సంఘాల చట్టం వచ్చింది. అంతకు ముందు కొని ఎక్కువ ధరకు అమ్మితే ‘స్పెకుల్యాత్సియా’ అనే నేరం. మా హాస్టలు పక్కన ఒక దంపతులు చిన్న తినుబండారాల కొట్టు పెట్టారు. వాళ్లను ఏమని పిలవాలో ఎవరికీ తెలియదు. పాత మాటలు తిట్లు, కొత్త మాటలు ఇంకా పుట్టలేదు. ‘కొఒపెరాతర్’, అంటే సహకార సంఘం మనిషి, అని పిలిచారు, కొందరు గౌరవంగా, కొందరు ఏవగింపుగా. ఆవిడ మాత్రం తన కొట్టును ‘నాషె దేలొ’ అనేది, ‘మా పని’ అని. ‘దేలొ’ అంటే పని, వ్యవహారం, కోర్టు కేసు కూడా. తర్వాత దేశమంతా ‘బీజ్‌నెస్’ అనడం మొదలుపెట్టింది. ఆవిడ మాటే నాకు గుర్తుండిపోయింది.

మాస్టారూ, మన ‘వ్యవహారం’ కూడా కోర్టు విషయమే కదా?

పాతపలక
సోమవారం, మధ్యాహ్నం 12:30

అవును. ధర్మశాస్త్రాల్లో వ్యవహారాధ్యాయం అంటే న్యాయ వివాదాల అధ్యాయం. లావాదేవీ ఉన్నచోట తగాదా ఉంటుంది, రెండిటికీ ఒకే మాట సరిపోయింది.

మీ తొవారిష్ చదివాక ‘కంపెనీ’ గుర్తొచ్చింది. లాటిన్‌లో ‘కోమ్’ అంటే కలిసి, ‘పానిస్’ అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవారు కంపెనీ. మన పూర్వులు ఈస్టిండియా కంపెనీని ‘కుంపిణీ’ అన్నారు, వాళ్లు ఎవరితో కలిసి తిన్నారో మనకు తెలుసు. కానీ మాట వరకు చూస్తే, తెలుగులో దానికి సరిజోడు ఉంది: పొత్తు. భాగస్వామ్యానికి మన పాత మాట. ‘పొత్తు గుడుచు’ అంటే ఒకచోట కలిసి తినడం. రొట్టె బదులు అన్నం, అంతే తేడా.

ఎర్రమట్టి
సోమవారం, సాయంత్రం 6:15

నైరోబీ నుంచి. స్వాహిలీలో కొట్టును ‘దుక’ అంటారు, బీమాను ‘బిమ’ అంటారు. నా తెలుగు చెవికి మొదటిరోజే తెలిసిపోయాయి. మన దుకాణమూ వాళ్ల దుకా అరబ్బీ మాట పిల్లలే.

అయితే జొన్నచేను గారికి పనికొచ్చే మాట ఇది కాదు. ‘జువా కాలి’ అని ఒకటుంది. అంటే మండే ఎండ. కప్పు లేని చోట రేకులు కొట్టి పెట్టెలు చేసేవారు, పాత టైర్లతో చెప్పులు కుట్టేవారు, వెల్డింగ్ చేసేవారు, వీళ్లందరి పనికీ అదే పేరు. ప్రభుత్వ కాగితాల్లో కూడా అదే రాస్తారు. మొదట కేవలం ఎండలో నిలబడి పని చేస్తున్నారని అన్నమాట. ఇప్పుడు నీడ ఉన్న కొట్టులో కూర్చున్నా నేను జువా కాలి మనిషిని అని చెప్పుకుంటారు. నా కారు బాగు చేసే ఆయన అలాగే చెప్పుకుంటాడు. పండితులు చేసి ఇచ్చిన మాట కాదది. వాళ్ల మీద పడిన ఎండే పేరైంది.

కాకతీయతోరణం
సోమవారం, రాత్రి 9:00

మా వైపు పెద్దలు ‘దందా’ అంటారు. “ఏమి దందా చేస్తాడు?” అని పెళ్లి సంబంధాల్లో కూడా అడిగేవారు, అందులో ఏ చెడూ లేదు. గుజరాతీ ‘ధంధొ’, మరాఠీ ‘ధందా’ దాని తోబుట్టువులు. ఇప్పుడు పత్రికల్లో ‘ఇసుక దందా’, ‘భూదందా’ అని రాసి రాసి ఆ మాటకు దొంగతనం అంటగట్టారు. మా తాతగారు వరంగల్‌లో నలభై ఏళ్లు బట్టల దందా చేశారు, ఎవరికీ ఒక్క మూర తక్కువ కొలవలేదు. ఆ మాట పాడైపోవడం నాకు కష్టంగా ఉంటుంది. పుస్తకంలో పెట్టమని అడగను. ఇప్పుడు పెడితే అపార్థమే.

లెక్కలచిట్టా
మంగళవారం, ఉదయం 8:10

రాత్రంతా ఇదే చదివాను. ఒక అడుగు వెనక్కి వేస్తున్నాను.

నేను కొన్నేళ్లు ఒక జపాను సంస్థ లెక్కలు చూశాను. సంస్థకున్న మంచిపేరుకు లెక్కల్లో కట్టే విలువను మనం గుడ్‌విల్ అని రాసే చోట వాళ్లు ‘నోరెన్’ అని రాస్తారు. నోరెన్ అంటే దుకాణం గుమ్మానికి వేలాడదీసే గుడ్డ తెర, దాని మీద ఆ ఇంటి గుర్తు ఉంటుంది. ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసిన మనిషి సొంతంగా కొట్టు పెట్టుకునేటప్పుడు యజమాని అదే గుర్తు వాడుకోనిస్తాడు, దాన్ని ‘నోరెన్ పంచడం’ అంటారు. కోట్ల లెక్కల పట్టికలో ఒక గుమ్మం తెర పేరు. ఆ గడిలో అంకె వేస్తున్నప్పుడల్లా నాకు ఒక గుమ్మం కనిపించేది. మన గుడ్‌విల్ గడిలో నాకు ఏమీ కనిపించదు.

జర్మన్‌లో ‘ఫిర్మా’ కూడా అంతే. ఇటాలియన్‌లో ‘ఫిర్మ’ అంటే సంతకం. జర్మన్ వాణిజ్య చట్టం ప్రకారం నేటికీ ఫిర్మా అంటే వర్తకుడు ఏ పేరుతో వ్యాపారం చేసి సంతకం పెడతాడో ఆ పేరు. భవనం కాదు, యంత్రాలు కాదు, పేరు. జొన్నచేను గారూ, అప్పడాల ఆమె చెయ్యి ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు అర్థమైంది. అయితే అచ్చులో శీర్షికకు ఒక నామవాచకం కావాలి కదా. అది ఏది?

జొన్నచేను
గురువారం, రాత్రి 10:40

ఆలస్యానికి మన్నించండి. ఇవాళ మళ్లీ సమావేశం జరిగింది, ఇరవై రెండు మంది వచ్చారు. ఎర్రమట్టి గారి మాట నన్ను పట్టుకుంది. మనం మాట చేసి ఇవ్వడం కాదు, వాళ్ల దగ్గర ఏముందో వినాలి. అందుకని ‘బిజినెస్’ అనలేదు, ‘వ్యాపారం’ అనలేదు. ఒక్కొక్కరినీ “నువ్వు ఏమి చేస్తున్నావో నీ మాటల్లో చెప్పు” అని అడిగి, వాళ్లు అన్నది అన్నట్టు రాసుకున్నాను.

“మిషను పెట్టుకున్నాను.” “ఇంటి ముందు టిఫిన్లు పెట్టాను.” “రెండు గేదెలతో పాలు పెట్టాను.” “మా అక్కా నేనూ కలిసి గాజుల కొట్టు పెట్టుకున్నాం.” ఇరవై రెండు మందిలో పదిహేడు మంది వాక్యం ‘పెట్టు’ మీదే ఆగింది. అప్పడాల ఆమె మొదట “ఏదో ఇంట్లో చేసుకుంటున్నా” అంది. ఎవరి డబ్బుతో అని అడిగితే, “పుస్తెలతాడు కుదువ పెట్టి పిండిమర పెట్టాను, ఇప్పుడు అదే మాకు అన్నం పెడుతోంది” అంది. ఒకే వాక్యంలో మూడుసార్లు పెట్టింది. ఆ కాగితం నా ముందే ఉంది.

నేను వారం రోజులు నామవాచకం కోసం వెతికాను. తెలుగులో అది క్రియలో కూర్చుని ఉంది. హోటలు పెట్టాడు, బడి పెట్టింది, కంపెనీ పెట్టారు, పందిరి వేసి చలివేంద్రం పెట్టారు. ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా ఒకే మాట.

పాతపలక
శుక్రవారం, ఉదయం 6:30

పొద్దున్నే ఇది చదివి మా ఆవిడకు వినిపించాను. ‘పెట్టుబడి’ అనే మాటను ముప్ఫై రెండేళ్లు పాఠంలో చెప్పాను, అందులోని ‘పెట్టు’ ఇదే అని ఒక్కసారీ ఆగి చూడలేదు. మంచుదేశం గారి స్వీడిష్ మాటలోని తిండి, కంపెనీలోని రొట్టె, పొత్తులోని కూడు, అన్నీ ఆ అప్పడాల తల్లి వాక్యంలో ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త. దీని నుంచి ఏదో కొత్త నామవాచకం తయారు చేద్దామని ఎవరైనా అనవచ్చు. వద్దు. క్రియను క్రియగానే ఉంచండి.

లెక్కలచిట్టా
శుక్రవారం, ఉదయం 9:20

మరి శీర్షిక?

జొన్నచేను
శుక్రవారం, మధ్యాహ్నం 2:00

‘సొంతంగా పెట్టుకుందాం’ అని పెట్టాను. లోపల మనిషి గురించి రాసిన ప్రతిచోటా ‘సొంతంగా పెట్టుకున్నవారు’, నామవాచకం తప్పనిసరి అయినచోట ‘సొంత పని’. వోల్గామంచు గారి ‘మా పని’ దానికి ధైర్యం ఇచ్చింది. ఔత్సాహిక పారిశ్రామికవేత్తను తీసేశాను.

మూడోకౌంటర్ గారు చెప్పినట్టు మూడో పేజీలో ఒక గడి కట్టాను. ఇది చూసి తప్పుంటే చెప్పండి:

“రిజిస్ట్రేషన్ కాగితం మీద ‘ఉద్యమ్’ అని ఉంటుంది. అది హిందీ మాట. అక్కడ దానికి సొంతంగా పెట్టుకున్న సంస్థ అని అర్థం. మన తెలుగు ఉద్యమానికీ దీనికీ సంబంధం లేదు. బ్యాంకు ఫారంలో ‘వ్యవసాయ్’ అని ఉంటే మీ పొలం గురించి అడుగుతున్నట్టు కాదు, మీరు ఏ పని చేస్తారని. అక్కడ మీ పని పేరు రాయండి.”

మూడోకౌంటర్
శుక్రవారం, మధ్యాహ్నం 2:45

బాగుంది. ‘మీ పని పేరు రాయండి’ దగ్గర ఒక ఉదాహరణ ఇవ్వండి. ఉదాహరణ లేకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు, రోజూ చూస్తున్నాను.

మంచుదేశం
శుక్రవారం, సాయంత్రం 4:10

‘సంబంధం లేదు’ అన్నది ఒక్కటి మార్చగలరా? సంబంధం ఉంది కదా, రెండూ ఒకే మాట నుంచి వచ్చాయి. ‘అర్థం వేరు’ అంటే సరిపోతుంది.

జొన్నచేను
శుక్రవారం, రాత్రి 8:55

రెండూ సరిచేశాను. ‘అర్థం వేరు’ అని మార్చాను. ఉదాహరణగా ‘అప్పడాల తయారీ’ అని రాశాను, ఆమెను అడిగే రాశాను. అచ్చులో తన పని పేరు వస్తుందని తెలిసి, మొదటి ప్రతి తనకే కావాలంది. రేపు ఉదయం ప్రెస్సుకు పంపుతున్నాను.